శోభ గీయని గది

గోదావరిఖనిలో ఒక గని సర్వే ఆఫీసులో ఇరవై ఆరేళ్లు మ్యాపులు గీసి శోభ రిటైరయింది. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు పక్కింటి లిల్లీ టీచరుతో అమెరికాలో పుట్టిన ఒక పాచికలాట ఆడుతోంది. శోభ నేలమాళిగల మ్యాపు గీసి కథ చెబుతుంది. లిల్లీ కత్తి పట్టిన వీరనారిగా అందులో తిరుగుతుంది.

"నేను చదివే జపాన్ నవలల్ల నేలమాళిగకు పానముంటదక్కా. కొత్త అర్రలు వాటంతటవే మొలుస్తయి," అంది లిల్లీ.

"మన ఆటల గట్ల నడవది. నేను గీయంది ఇందుల ఉండది," అంది శోభ.

లిల్లీ పాచిక వేసింది. "ఉత్తరం తలుపు తీస్తున్న."

శోభ అట్టచాటున దాచుకున్న మ్యాపు చూసింది. ఆ తలుపు వెనక తాను గీయని గది ఉంది. కొలతలు మాత్రం తన చేతిరాతే. గది నిండా నీలిరంగు. నీళ్లు నిండి మూసేసిన పాత సొరంగాలకు ఆఫీసులో ఆమె వేసిన రంగది. తాకితే వేలికి తడి అంటింది.

"లోపల ఏముందక్కా?"

"గోడ ఉంది. జల్ది వెనక్కి రా," అంది శోభ.

మ్యాపు గురించి ఆమె అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. లిల్లీ తన వీరనారి బొమ్మను వెనక్కి జరిపింది.

మరుసటి ఆదివారం నుంచి శోభ కథలన్నీ నేల మీదే జరుగుతున్నాయి.