వ్యాసం కాదు, వైశాల్యం

ఇవాళ పొద్దున మణికొండలో మా బాల్కనీలో మల్లెతీగను మళ్లీ కట్టబోతే, దానికి ఆసరాగా ఉన్న ఎర్ర కరెంటు వైరు ముక్క చేతికి తగిలింది. వంటింట్లోంచి బన్నుల వాసన వస్తోంది. ఈ ముక్కకూ ఆ వాసనకూ చుట్టరికం ఉంది.

మా ఆవిడది కడప వైపు. ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. బన్నులు చేసి అమ్మాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. ఎప్పుడడిగినా నాది ఒకటే జవాబు: "మన వైరింగ్ తట్టుకోదు." వాషింగ్ మెషీన్ అన్నా అదే, గ్రైండర్ అన్నా అదే. నిజానికి ఆ స్విచ్ బోర్డు విప్పి చూసిన పాపాన నేనెన్నడూ పోలేదు. కాదనడానికి అంత సులువైన మాట ఇంకోటి దొరకలేదు, అంతే. చివరికి వాళ్ల తమ్ముడు పెద్ద ఓవెన్ ఒకటి కొని పంపాడు. అది డైనింగ్ టేబుల్ కింద దుప్పటి కప్పుకుని నెలల తరబడి పడుకుంది. ఒకరోజు ఆవిడ, "ఈ ఆదివారం లోపల తేల్చకపోతే మా చెల్లెలికి ఇచ్చేస్తా. ఇంక అడగను" అంది. కోపంగా అని ఉంటే సర్దిచెప్పేవాణ్ణి. మామూలుగా అనేసరికి భయమేసింది.

శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఓవెన్ వెనక రాసింది చూసి, "దీనికి నాలుగు స్క్వేర్ వైరు గుంజాలె సార్, సన్నంది ఏస్తే వేడెక్కుతది" అన్నాడు. కొనుక్కొచ్చాను. కొస ఒలిచి చూస్తే వెంట్రుకల్లాంటి రాగి పోగులు. ఎంత లావుందోనని ట్యూషన్ పిల్లల స్కేలు పెట్టి కొలిచాను. రెండు మిల్లీమీటర్లు దాటి కొంచెం.

"నాలుగని చెప్పి రెండిచ్చాడు! పని ఆపు, వాపస్ ఇచ్చేద్దాం."

"గిదే నాలుగు సార్. అందరం గిట్లనే అంటం."

"ఎందుకంటారు?"

"ఏమో సార్, జర మేడమ్‌ను అడుగుండ్రి."

మా ఆవిడ వచ్చి స్కేలు చూసింది, నన్ను చూసింది. "మీరు కొలిచింది వ్యాసం. వాళ్లు చెప్పేది వైశాల్యం, నాలుగు చదరపు మిల్లీమీటర్లు. సగం చేసి, దాన్ని దాంతోనే హెచ్చించి, పై విలువ 3.14తో గుణించండి, నాలుగొస్తుంది. రాకపోతే సాయంత్రం పిల్లలతో పాటు కూర్చోండి." ఎలక్ట్రీషియన్ గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

పాత వైరు కొసకు కొత్తది కట్టి, అతను బోర్డు దగ్గర లాగుతుంటే నేను వంటింటి వైపు నుంచి అందించాను. బయటికొచ్చిన పాత ఎర్ర వైరు బక్కగా ఉంది. స్విచ్ దగ్గర దాని తొడుగు మాడి, గోరు తగలగానే రాలింది.

మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, "అయితే ఇన్నాళ్లూ నిజమే చెప్పినారన్నమాట" అంది.

అబద్ధమని తేలి ఉన్నా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. అది నేను చూడకుండా చెప్పిన నిజం. చూసి ఉంటే ఎప్పుడో మార్పించేవాళ్లం. టీ వేళకల్లా ఓవెన్ వెలిగింది, వైరు గోరువెచ్చగా కూడా కాలేదు.

ఒక్క పూటలో మారే తీగను అడ్డం పెట్టి ఆవిడను అన్నేళ్లు ఆపాను. ఇప్పుడు చూస్తే ఆ ఏళ్లు సన్నగానే కనిపిస్తాయి. వాటి వైశాల్యం కొలిచే స్కేలు మాత్రం నా దగ్గర లేదు.