పాట బండకు పసుపు

దేవతలను పుట్టించేంత శక్తి నాకు లేదు. అయినా ఒకసారి పొరపాటున పుట్టించాను. ఆ దెబ్బకు మా మామ ముందు నా పరువు నిలువునా పోవాల్సింది.

తొంభైల్లో మాట. మదనపల్లెలో కొత్తగా కాపురం పెట్టాను. మా మామ మునెప్పది కుప్పం. ఆయనకు ఒక పాతకాలపు పాటల సినిమా అంటే ప్రాణం. అందులో హీరో బండ మీద కాలు పెట్టి పాడతాడు. ఆ బండ పుంగనూరు దగ్గర గుట్టలో ఉందని ఎవరో అంటే, "నాకు బాగా తెలుసు మామా" అనేశాను. నేను ఆ గుట్ట ముఖం కూడా చూడలేదు.

"అట్లయితే వచ్చే ఆదివారం పోదామప్పా. నేనూ ఆ బండ మీద కాలు పెట్టి ఫోటో దిగాల" అన్నాడు. అప్పటిదాకా నన్ను దేనికీ పనికిరాని అల్లుడిగా చూసిన మనిషి ఆయన. ఈ ఒక్క పనితో మెప్పు కొట్టేయాలనుకున్నాను.

మరునాడే ఒక్కణ్ణే వెళ్లి వెతికాను. గుట్ట నిండా బండలే, అన్నీ అన్నదమ్ముల్లా ఒకే పోలిక. నున్నగా ఉన్నదాన్ని ఒకటి ఎంచుకున్నాను. మళ్లీ వస్తే గుర్తుపట్టేదెలా? సంచిలో అమ్మ తెమ్మన్న పసుపు, కుంకుమ ఉన్నాయి. పసుపు తడిపి బండకు దట్టంగా పూసి, నడుమ పెద్ద బొట్టు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. పొట్లం చినిగి సగం పసుపు కారిపోయిందని ఇంట్లో చెప్పాను.

ఆదివారం మామ నల్ల కళ్లద్దాలు, మెరిసే బూట్లతో దిగాడు. నా భార్య సుజాత, అరువు కెమెరాతో నేను. దూరం నుంచే పసుపు కనిపించింది.

"అదిగో మామా" అన్నాను దర్జాగా.

దగ్గరికి పోతే బండ చుట్టూ వేపమండలు, నిమ్మకాయలు, కొబ్బరి చిప్పలు. మామ కాలెత్తాడో లేదో, గొర్రెలు మేపే పెద్దామె అడ్డం వచ్చింది.

"కాలు యాడ పెడతాండావప్పా? గంగమ్మ కనపడలేదా?"

"ఎప్పుడు వెలిసిందమ్మా?" అన్నాడు మామ, కాలు దించుతూ.

"పోయిన వారమే. ఆ తల్లి వచ్చినకాడి నుంచి మా గొర్రెలు దగ్గనే లేదు."

మామ బూట్లు విప్పి సాష్టాంగపడ్డాడు. నేనూ పడ్డాను, నేను పూసిన పసుపుకే. మామ లేచి నన్ను ఎగాదిగా చూశాడు.

"మరి సినిమా బండ యాడుండాది?"

నేను కెమెరా సర్దుతున్నట్టు తల దించేశాను. పెద్దామే కాపాడింది.

"అదో, ఆ పక్కది. షూటింగు నేను సూసినా గదా. ఈ బండ మీద వాళ్లు అన్నం గిన్నెలు పెట్టుకొన్నారు."

మామ ఆ పక్క బండ మీద కాలు పెట్టి, నడుము మీద చెయ్యేసి, కరువుతీరా ఫోటోలు దిగాడు. తిరుగు బస్సులో నా భుజం తట్టాడు. "సినిమా బండ కోసం వస్తే గంగమ్మ దర్శనం గూడా చేయించినావు. మంచోడివే అప్పా."

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అప్పుడు సుజాత నా చెవి దగ్గరికి వంగింది.

"అత్తమ్మ పసుపు సగం యాడ కారిపోయిందో ఇప్పుడు తెలిసింది."

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక జన్మలో ఏ బండకు గుర్తు పెట్టినా బొగ్గుతోనే పెడతానని. ఒట్టు ఎవరి మీదంటారా? ఆ గంగమ్మ మీదే.