పిన్ని పొగ కోసం చూసిన కాలనీ

రాయపూర్ వెళ్లడానికి చాలామందికి చుట్టాల పెళ్లో, పండరీ బజారులో బట్టల బేరమో కారణమవుతుంది. నేను ఒక పూట భోజనం కోసం వెళ్లాను. మా పిన్ని అప్పలనర్సమ్మ అక్కడి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి ఫోన్ చేసి, వర్క్‌షాపు పనులు కాంట్రాక్టుకు ఇవ్వొద్దని కార్మికులు ధర్నా చేస్తున్నారనీ, ఆ రోజు మళ్లీ ఉమ్మడి వంట పెడుతున్నాననీ చెప్పింది. ఆ వంట గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. డెబ్బైల్లో రైల్వే సమ్మె జరిగినప్పుడు బాబాయి జైల్లో ఉన్నాడు. కాలనీ ఆడవాళ్లు ఎవరింట్లోనూ బొగ్గుల పొయ్యి ముట్టించకూడదని ఒట్టు పెట్టుకుని, ఉన్న గింజలన్నీ ఒకచోట పోసి వండారు. పిన్ని పొద్దున్నే డాబా ఎక్కి, ఏ ఇంటి మీంచి పొగ లేస్తోందో చూసేదట. విజయనగరంలో నేను పిల్లలకు సమానత్వం పాఠం చెబుతూ బతుకుతున్నదాన్ని. దాన్ని ఒక్కసారైనా విస్తట్లో చూడాలనిపించింది.

విజయనగరంలో సాయంత్రం ప్యాసింజరు ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పొద్దున్నకు రాయపూర్ చేరుస్తుంది. టికెట్ వంద రూపాయలు కూడా కాలేదు గానీ, జనవరి చలికి దుప్పటి లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మహాసముంద్‌లో వేడి సమోసాలు కనిపించేసరికి ఆగలేక నాలుగు లాగించాను. రాయపూర్ స్టేషన్ నుంచి కాలనీకి సైకిల్ రిక్షా పది రూపాయలు. రిక్షా అతను నా హిందీ విని నవ్వి, "మీ భాషలోనే మాట్లాడండి మేడం, ఆ కాలనీ తెలుగు సవారీలతో నాకూ కొంచెం వచ్చేసింది" అన్నాడు.

వర్క్‌షాపు గేటు పక్కన షామియానా, ఎర్రజెండాలు. ఇటుకల పొయ్యి మీద పెద్ద డేగిసాలో పప్పు ఉడుకుతోంది. ఒకప్పుడు వీధి వీధంతా కూర్చుని కూరలు తరిగేదని విన్నాను. ఆ రోజు పిన్ని కాక ముగ్గురే ఉన్నారు.

"వచ్చీసినావేటే అమ్మీ! ఏటైనా తిన్నావా?" అంది పిన్ని.

"దార్లో సమోసాలు తినేశాను పిన్నీ."

"సర్లే, మధ్యాన్నం అందరితోటీ కూకుందువు" అంది. ఆ మాటలో ఉన్న ధీమా తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మధ్యాహ్నం సైరన్ మోగింది. నినాదాలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. జనం బాగానే వచ్చారు. విస్తళ్లు వేసి పిన్ని పేరుపేరునా పిలిచింది. "ఇంట్లో తినీసే వచ్చినాం వదినా." "ఇప్పుడే నాస్తా అయిపోయింది, పిన్నిగారూ." ఎవరూ అమర్యాదగా అనలేదు. అందరూ నవ్వుతూనే అన్నారు. పదిమంది మాత్రం మొహమాటానికి కూర్చున్నారు. పిన్ని గరిటె పట్టుకుని క్వార్టర్ల కప్పుల వైపు చూసింది.

"గేసొచ్చీసింది గదే. పొగే నేదు. ఎవులు వండుకున్నారో ఏటి తెలుస్తాది?"

"పొగ చూసి పట్టుకోవడమేమిటి పిన్నీ, పోలీసుల్లాగా!" అని వెక్కిరించాను.

"పోలీసు కాదే, సిగ్గు. పక్కింట్లో పిల్లలు పస్తుంటే మనం తినీడానికి సిగ్గు. ఆ సిగ్గుతోటే ఇరవై రోజులు నిలబడినాం."

గేటు అవతల కల్వర్టు మీద కాంట్రాక్టు కూలీలు కొందరు కూర్చుని, రాత్రి నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం ఉల్లిపాయతో తింటున్నారు. పిన్ని పప్పు బకెట్టు ఎత్తుకుని అటు నడిచింది. నేను అన్నం గంప పట్టుకున్నాను. "వాళ్లు మన మెంబర్లు కారు వదినా" అన్నాడు సంఘం కార్యదర్శి. "ఆకలికి మెంబర్‌షిప్పేటి బాబూ?" అంటూ పిన్ని వెళ్లిపోయింది.

వాళ్లు మారు మాట్లాడకుండా గిన్నెలు చాపారు. వాళ్లలో మంగలూ అనే పెద్దాయన, తెల్ల మీసాలవాడు, అక్కడ ఎవరూ ఎందుకు తినడం లేదని అడిగాడు. పిన్ని తన హిందీలో పాత సమ్మె కథ, పొయ్యిలు ఆర్పిన కథ గర్వంగా చెప్పింది. ఆయన విని తలూపాడు.

"గుర్తుంది బాయీ" అన్నాడు హిందీలోనే, ‘అమ్మా’ అన్నట్టు మర్యాదగా. "అప్పుడు నేను ఈ పక్క బస్తీలోనే ఉండేవాణ్ని. రోజుకూలీని. మీ ఇళ్ల మీద పొగ ఆగిపోయింది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది. సమ్మె అయినా మేం వర్క్‌షాపు పనిలోకి వెళ్లాం."

"మరి అదే కదా మమ్మల్ని దెబ్బతీసింది" అంది పిన్ని.

"మమ్మల్నీ ఆర్పమంటే ఆర్పేవాళ్లం బాయీ. ఎవరూ వచ్చి అడగలేదు."

సైరన్ మోగింది. వాళ్లు గిన్నెలు కడుక్కుని లోపలికి వెళ్లిపోయారు. పిన్ని ఖాళీ బకెట్టు పక్కన పెట్టుకుని ఆ కల్వర్టు మీదే కూర్చుంది. "డాబా ఎక్కి మన కప్పులే చూసినామే. బస్తీ వైపు ఒక్కనాడూ తిరిగి సూణ్ణేదు. మళ్లీ వంట పెడితే ముందక్కడికెల్లి చెప్తాను" అంది.

మళ్లీ పెట్టలేదు. మరుసటేడు బాబాయి రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి ఇద్దరూ విజయనగరం మా ఇంటికి వచ్చేశారు. ఆ డేగిసా ఒక టెంట్‌హౌస్‌లో పెళ్లిళ్లకు అద్దెకు తిరుగుతోందట. ధర్నా వల్ల ఏమీ ఆగలేదు, పనులు కాంట్రాక్టుకు పోయాయి. మార్కెట్ పెద్దదనీ, మనం చిన్నవాళ్లమనీ అనుకుంటే మనసు తేలికపడుతుంది. కానీ పిన్ని అలా అనుకోదు. ఇప్పటికీ మా డాబా మీద బట్టలారేస్తూ ఒక్కోసారి ఆగిపోయి, వీధి చివరనున్న గుడిసెల వైపు చూస్తుంది. అప్పుడు నేను పలకరించను.

మీరు ఆ వైపు వెళితే దుప్పటి తీసుకెళ్లండి, స్టేషన్ బయట రిక్షా బేరం ముందే మాట్లాడుకోండి. మహాసముంద్ సమోసాలు మాత్రం తినకండి, ఆకలి మిగుల్చుకోండి. ఆ కాలనీలో ఎవరైనా "తిన్నారా?" అని అడిగితే, కడుపు నిండి ఉన్నా సరే, తినలేదని చెప్పి కూర్చోండి.