నా కామాలు, వాళ్ల కామాలు

రిటైరయ్యేదాకా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా అమ్మాయి ఇంటికి వచ్చాక నన్ను ఒక్క లెక్క అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చేతిలో సుద్దముక్క లేకపోతే నాకు తోచదు, ఊరికే కోపం కూడా వస్తుంది. అందుకే, శనివారం లైబ్రరీలో పిల్లలకు సరదాగా లెక్కలు చెప్పే క్లాసుకు రమ్మని మనవరాలు పిలవగానే చీర మార్చుకుని కారెక్కాను.

దారిలో అసలు సంగతి బయటపడింది. ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా మా అమ్మమ్మ భాగహారం చేయకుండానే అది ఏడుతో పోతుందో లేదో చెప్పేస్తుందని స్నేహితులందరి దగ్గరా గొప్పలు చెప్పుకుందట. పదేళ్ల పిల్ల. నేను తప్పితే సోమవారం బడిలో దాని మొహం ఎలా ఉంటుందోనని నాకు గుబులు పుట్టింది.

క్లాసు నడిపే తెలుగాయన బోర్డు మీద 123579456 అని రాసి మార్కర్ నా చేతికిచ్చాడు. ఈ కిటుకు నాకు వెన్నతో పెట్టిన విద్య. కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకదాన్ని తీసేస్తూ ఇంకోదాన్ని కలుపుతూ పోవాలి. చివరికి మిగిలింది ఏడుతో పోతే మొత్తం సంఖ్యా పోతుంది. పదకొండుకీ పదమూడుకీ కూడా అంతే. పిల్లలకు తేలిగ్గా కనబడాలని ముందు కామాలు పెట్టాను: 12,35,79,456. ఆ కామాల మధ్య ఉన్నవాటితోనే చకచకా లెక్క కట్టేశాను. 456లోంచి 79 తీసి, 35 కలిపి, 12 తీస్తే 400. ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతోనూ పోదని ఠీవిగా ప్రకటించాను.

ముందు వరుసలో ఒక పిల్ల ఫోన్లో భాగించి చూసింది. మూడింటితోనూ శేషం లేకుండా పోయింది. అక్కడక్కడా కిసుక్కున నవ్వారు. మళ్లీ కట్టినా నాలుగు వందలే. మనవరాలి వైపు చూసే ధైర్యం లేకపోయింది.

అదే లేచి వచ్చింది. అరచేత్తో నా కామాలు తుడిచేసి తనవి పెట్టింది: 123,579,456. ఇండియాలో లక్షలకీ కోట్లకీ కామాలు వేరే చోట పడతాయని, ఈ కిటుకుకి మాత్రం మూడేసి అంకెలే కావాలని ఇంగ్లీషులో అందరికీ చెప్పింది. 456లోంచి 579 తీసి 123 కలిపితే సున్నా, అది మూడింటితోనూ పోతుంది.

మార్కర్ మళ్లీ నా చేతిలో పెట్టింది. "అమ్మమ్మా, జీరో ఎందుకు వచ్చిందో నువ్వు ఎక్స్‌ప్లెయిన్ చేయి. నాకు రాదు."

ఏడు, పదకొండు, పదమూడు హెచ్చిస్తే వెయ్యిన్నొకటి అని నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. దాన్ని లక్షా ఇరవై మూడు వేల నాలుగు వందల యాభై ఆరుతో హెచ్చిస్తే బోర్డు మీది సంఖ్య వస్తుంది. కంగారులో నోట లక్ష తెలుగులోనే వచ్చింది. పక్కనే నిలబడ్డ మనవరాలు తడుముకోకుండా హండ్రెడ్ థౌజండ్ అని అందించింది. ఇంట్లో నేను మాట్లాడుతుంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునే పిల్ల. ఇన్నాళ్లూ అన్నీ వింటూనే ఉందని అప్పుడు తెలిసి, బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.