టాపు లేని బండి

మా ఆవిడకు తలుపులు మూసిన బండి పడదు. మూడేళ్ళ కిందట చెవిలో ఏదో తేడా వచ్చింది. అప్పటినుంచి కారులో కూర్చుంటే చాలు తల తిరుగుతుంది, అద్దాలు దించినా వాంతి ఆగదు. బస్సూ అంతే, రైలూ అంతే. స్కూటరు వెనక కూర్చుంటే పడిపోతానని భయం. ఆటోనైతే వీధి మలుపు తిరగకముందే ఆపించింది. తన అక్క, అంటే మా వదిన, కామసముద్రం దగ్గర పల్లెలో ఉంటుంది. మా ఊరు కె.జి.ఎఫ్. నుంచి గంట దారి కూడా కాదు. ఆమెకు మోకాళ్ళు పోయాయి, గడప దాటడమే కష్టం. అక్కాచెల్లెళ్ళిద్దరూ మూడేళ్ళుగా ఒకరి ముఖం ఒకరు ఫోనులోనే చూసుకుంటున్నారు. ఫోను పెట్టేశాక మా ఆవిడ వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుంది.

నేను ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పోయి, సాయంత్రం నిలబడి తిరిగొచ్చే మనిషిని. నాకు కార్ల పిచ్చి లేదు. ఆఫీసులో ఒకాయన తన పాత కారు అమ్మేస్తున్నానని, దాని టాపు వెనక్కి మడుచుకుపోతుందని చెప్పినప్పుడు నాకు వినిపించింది ఆ ఒక్క మాటే. అది జర్మనీ బండి అనీ, రెండే సీట్లనీ, గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటి పోతుందనీ ఆయన ఇంకా ఏదేదో చెప్పాడు. ఎవరిక్కావాలి ఆ రెండు వందలు? టాపు లేకపోతే గాలి ఆడుతుంది, గాలి ఆడితే ఆమె ఎక్కుతుంది. నేను ఆలోచించింది అంతవరకే. బుద్ధి ఉన్నవాడెవడైనా ఇంకో నాలుగు సంగతులు అడిగేవాడు.

మా వీధిలో మొదటి స్పీడు హంపు దగ్గరే బండి కడుపు రాసుకుంది. ఆ చప్పుడుకు ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. మర్నాటినుంచి డిక్కీలో రెండు చెక్కపలకలు పెట్టుకున్నాను. హంపు వచ్చినప్పుడల్లా దిగాలి, పలకలు పరచాలి, ఎక్కించాలి, మళ్ళీ దిగి పలకలు తీసుకోవాలి. కె.జి.ఎఫ్.లో హంపులకు కొదవ లేదు. రెండు వందలు పోయే బండిలో నేను నడిచిందే ఎక్కువ.

ఆషాఢం గాలుల్లో తెరిచిన టాపు మళ్ళీ మూసుకోలేదు. ఆ కాలంలోనే బంగారు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్లదుమ్ము లేచి ఊరిమీద పడుతుంది. సీట్ల సందుల్లో, మీటర్ల గాజు మీద, అంతటా అదే. ఉన్న ఒక్క ఆదివారం తడిగుడ్డతో తుడవడానికే సరిపోయేది. రాబర్ట్‌సన్‌పేటలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. గనిలో యంత్రాలు చూసినవాడు, గని మూసేశాక షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన కింద దూరి, పైకొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "పార్టు రావాల సార్" అన్నాడు. అక్కణ్ణుంచి ఐదు నెలలు నేను విన్నది ఆ మాటే. టాపు మోటారుకు పార్టు రావాలి. గేరుపెట్టెకు పార్టు రావాలి. ఒకసారి విసుగొచ్చి, దీన్ని కొని తప్పు చేశానా అని అడిగాను.

"బండి మంచి బండే సార్. ఇది పరిగెత్తేదానికి రోడ్డే మన దగ్గర లేదు" అన్నాడు.

ఇంత చేస్తే మా ఆవిడ ఎక్కనంది.

"దాంట్లో కూర్చుంటే ఊరంతా నన్నే చూస్తుంది. ఉత్సవ విగ్రహమా నేను? మీరే తిరగండి."

ఆమెదీ తప్పనలేను. శ్రావణం రాగానే ఒకరి వెనక ఒకరు పెళ్ళికొడుకును ఊరేగించడానికి అడిగారు. దగ్గరివాళ్ళు, కాదనలేక ఒకరికి ఇచ్చాను. నడక వేగంతో రెండు గంటలు తిప్పితే ఇంజను కుతకుత ఉడికి నడివీధిలో ఆగింది. పెళ్ళికొడుకు దిగి బాజాల వెనక నడిచి వెళ్ళాడు. ఎవరికోసమైతే కొన్నానో ఆ మనిషి తప్ప అందరూ అందులో కూర్చున్నారు. తల ప్రాణం తోకకు వచ్చింది. పార్టులొచ్చి బండి కదిలేసరికి కార్తీకం దాటింది, అమ్మేద్దామని నలుగురికీ చెప్పాను కూడా.

అప్పుడే వదిన ఫోను చేసింది. స్పీకరులో విన్నాను.

"నేనింగ గడప దాటలేనమ్మా. నువ్వు వస్తేనే చూసేది. లేదంటే ఫోన్లోనే ఇద్దరం ముసలోళ్ళమయిపోతాం."

మా ఆవిడ పప్పులో తిరగమాత వేసి, నావైపు చూడకుండా అడిగింది. "ఆదివారం పోదామా?"

డిసెంబరు ఎండ మెత్తగా ఉంది. ఆమె తలకు ఉన్నిగుడ్డ చుట్టుకుంది, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పెట్టుకుంది. బంగారుపేట దాటేదాకా నేను రోడ్డును కాదు, ఆ కవరునే చూస్తున్నాను. బూదికోట దాటాక ఆమె కవరు మడిచి సీటు పక్కన దోపేసింది.

అక్క ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా రోడ్డంతా ఉలవచెట్లు పరిచి ఉన్నాయి. మా జిల్లాలో ఇది మామూలే. రైతులు ఎండిన పంటను తారురోడ్డు మీద వేస్తారు, పోయే బండ్ల చక్రాలే నూర్చిపెడతాయి. పక్కనుంచి తప్పుకుపోతే వాళ్ళ ముఖం చిన్నబోతుంది. నేను తప్పుకోబోయాను. మా ఆవిడ రైతు బిడ్డ, ఊరుకోలేదు.

"మింద పోండి. పాపం, వాళ్ళు కాచుకోనుండారు."

మీదుగా పోయాను. చక్రాల కింద పటపటమని కాయలు పగిలాయి. మూడేళ్ళ తర్వాత విన్న చప్పుడేమో, ఆమె చిన్నపిల్లలా వెనక్కి తిరిగి చూసింది.

"ఇంగొక తూరి పోదాం" అంది.

ఏ మొగుడు కాదంటాడు? వెనక్కి తిప్పి ఇంకోసారి పోయాను. కడుపు నేలకు ఆనే బండి, కింద కణకణమనే పొగగొట్టం, దానికి చుట్టుకున్న ఎండు ఉలవతీగ. పొగ ముందు ఆమే చూసింది. ఆమెను దించి నేను దూకేసరికి కింద మంట లేచింది. రైతూ ఆయన భార్యా గంపలతో మట్టి పోశారు, తాగడానికి తెచ్చుకున్న బిందెడు నీళ్ళు కుమ్మరించారు. మంట ఆరింది. కింద వైర్లన్నీ కాలిపోయాయి.

"ఏమప్పా, ఇంత తగ్గు బండిని ఉలవ మింద ఎక్కిస్తారా ఎవరైనా?" అన్నాడు రైతు.

"నేనే చెప్పినానన్నా" అంది మా ఆవిడ.

నేను రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచుకోను. ఐదు నెలల ఆదివారాలు, ఆ పలకలు, ఆ దుమ్ము, అన్నీ ఈ రెండు కిలోమీటర్ల ఇవతల కాలిపోవడానికా అనిపించింది. ఆమె వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు తల తిరగలేదు, చూసినారా" అంది.

తర్వాత కొంగు బిగించి నడక మొదలుపెట్టింది. నేను వెనకే నడిచాను. మా వదిన వసారాలో చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. చెల్లెల్ని చూసి లేవబోయి లేవలేక, రెండు చేతులూ చాచింది. నేను పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాను.

తిరిగి వెళ్ళడానికి ఆమె ఎక్కగలిగిన బండి లేదు. "మీరు పోండి, బండి బాగయినాక వచ్చి పిలుచుకోనిపోండి" అంది. కాలిన బండిని లారీ మీద షెడ్డుకు చేర్చి నేనొక్కణ్ణే ఇంటికొచ్చాను.

మూడు వారాలైంది. ఇల్లు బోసిపోయింది. రైలు దిగి వచ్చి తాళం తీస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. రోజూ సాయంత్రం ఆమె ఫోను చేస్తుంది. గొంతు మారింది, ఒక మాటకు రెండు మాటలు చెబుతోంది.

"బండి ఏమాయ?" అని నిన్న అడిగింది.

"పార్టు రావాల" అన్నాను.

"యాడినుంచి రావాల?"

"జర్మనీ నుంచి."

"అంత దూరం నుంచా? అయితే తొందర చేయొద్దండి, మెల్లిగానే రానీండి" అంది. వెనక మా వదిన నవ్వు వినిపించింది.

ఫోను పెట్టేసి వాకిట్లోకి వెళ్ళాను. రావాల్సిన పార్టులన్నీ ఈసారి వచ్చేశాయి, బండి షెడ్డు నుంచి వచ్చి వారమైంది. టాపు కూడా ఇప్పుడు సరిగ్గా మూసుకుంటోంది. దాని మీద గుడ్డ సర్ది, లోపలికొచ్చి పెరుగన్నం కలుపుకున్నాను.