బి నెగెటివ్ అడిగితే నా పేరు వచ్చింది

"జీపు స్టార్టింగ్‌లోనే పెట్టినా, బేగా రామ్మా," అని ఓబులేసు అనే ఆయన మా కంప్యూటర్ సెంటర్ గుమ్మంలో నిలబడి రెండోసారి చెప్పాడు. చేతిలో ఒక కాగితం. దాని మీద బి నెగెటివ్ అని, కింద నా పేరు, సెంటర్ అడ్రసు, నా ఫోన్ నెంబరు. నా రక్తమేమో ఓ పాజిటివ్.

అది 2009, నంద్యాల. ఇంటర్ తప్పి, ఆర్నెల్ల కోర్సు చేసి ఆ సెంటర్‌లో చేరాను. ఊళ్లోని రక్తదాతల సంఘం వాళ్లు, ఆళ్లగడ్డ నర్సింగ్ హోమ్‌లో గ్రూపు పేరు కొడితే దాత పేరు రావాలి, చేసిపెట్టమన్నారు. అలా అడిగితే ఇలా జవాబిచ్చే ప్రోగ్రామే వెబ్ సర్వీస్. అందులో సగం పని ముందే చేసి ఇచ్చే సరంజామాని ఫ్రేమ్‌వర్క్ అంటారు. నేను నెట్లో పట్టుకున్నది మరీ చిన్నది, పది లైన్లు రాస్తే నడుస్తుంది. దాని మొదటి పాఠంలో, అడిగింది దొరక్కపోతే ఒక ఉత్తుత్తి పేరు చూపించే లైను ఉంది. డీఫాల్ట్ అంటారు దాన్ని. తెర మీద నా పేరు చూసుకోవాలని సరదా పుట్టి అక్కడ నా పేరు, సెంటర్ అడ్రసు, ఫోన్ నెంబరు పెట్టాను. తీయడం మరిచిపోయాను. సంఘం వాళ్ల నోటుబుక్కులో పాజిటివ్‌లన్నీ ఎక్కించి, నెగెటివ్‌లు నాలుగైదే కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఓబులేసు భార్యకు ఆళ్లగడ్డలో కాన్పయింది, రక్తం ఆగడం లేదట. నంద్యాల బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు లేదన్నారు. ఆమె శాంపిల్ అక్కడ ఇచ్చి నేరుగా నా దగ్గరికొచ్చాడు. దాత దొరికిందని ఇంకెవరినీ వెతకలేదు.

"అన్నా, నాది ఆ గ్రూపు కాదు," అన్నాను.

"మరి ఆడ నీ పేరేంటికుంది?"

"తప్పు నాదేనన్నా. నేనే రాసినా."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంట్లో ఇద్దరు ఆడబిడ్డలుండారు. యాడికి పోవాల్నో నువ్వే చెప్పు," అన్నాడు.

సంఘం వాళ్ల నోటుబుక్కు తీశాను. బి నెగెటివ్ కింద రెండే పేర్లు. మొదటి నెంబరు పనిచేయలేదు. రెండోది పక్కనున్న గడివేముల ఊళ్లోని హుసేనప్పది. ఎంతసేపు మోగినా ఎత్తరు. ఓబులేసు నా మొహమే చూస్తున్నాడు. నేను మొక్కని దేవుడు లేడు. ఎట్టకేలకు హుసేనప్ప భార్య ఎత్తి, చేలో ఉన్న మనిషిని పిలుచుకొచ్చింది.

"ఏడవాకు పాపా. బండ్లో వస్తాండా, బ్యాంకు కాడ ఉండమను," అన్నాడాయన.

ఆమె బతికింది. ఓబులేసు ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. 'ఎవరూ దొరకలేదు' అనే లైను అన్నిటికంటే ముందు రాయండి. లేదని తెలిస్తే మనిషి ఇంకో తలుపైనా తడతాడు.

మర్నాడు పొద్దున్నే సెంటర్ తాళం తీసి, నా పేరు కొట్టేసి, నెగెటివ్‌లన్నీ ఎక్కించాను. తర్వాత లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు ఏమడిగారో సర్వీసు తనంతట తాను రాసుకునే చిట్టా అది. పన్నెండు రోజుల కిందట కూడా ఆళ్లగడ్డ నుంచి ఎవరికోసమో ఏబి నెగెటివ్ అడిగారు. నా పేరే వెళ్లింది. ఆ రోజు నేను పెళ్లికి పోయి ఫోన్ ఆపేసి ఉన్నాను.

నర్సింగ్ హోమ్ నెంబరు నొక్కి, ఆ రోజు రక్తం కావాలన్నవాళ్లు ఏమయ్యారని నర్సును అడిగాను.