తాబేలుకు ఉద్వాసన

నా చిన్నప్పుడు కొన్నాళ్లపాటు మా ఇంట్లో దేవుడు ఇత్తడి గంగాళంలో, నీళ్లలో ఉండేవాడు. అరచేతికన్నా కాస్త పెద్దగా, నాలుగు పొట్టి కాళ్లతో, ఉబ్బి మూసుకుపోయిన కళ్లతో ఉండేవాడు. వీపు మీద ఎనామిల్ పెయింటుతో తెల్లటి నామాలు, మధ్యలో ఎర్రగీత. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ దేవుణ్ణి మా ఇంట్లోంచి మర్యాదగా సాగనంపిన మా మేనత్త దగ్గర నేను నేర్చుకున్నది ఈ వయసులో కూడా నాకు పనికొస్తూనే ఉంది.

అప్పట్లో మేము గవర్నర్‌పేటలో, హోల్‌సేల్ కొట్ల వెనక సందులో ఉండేవాళ్లం. పైన డాబా ఉన్న పాత ఇల్లు. అమ్మా నాన్నలు, మా నాయనమ్మ, నాన్న చెల్లెలైన మా మేనత్త, నేను. అత్తయ్య ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేది. సందు మొదట్లో ఒక లాడ్జీ ఉండేది. అక్కడ బస చేసిన ఎవరో పెద్దమనిషి వెళ్తూ వెళ్తూ లాడ్జీ ఆయనకు ఒక తాబేలును ఇచ్చి వెళ్లాడట. తాబేలంటే కూర్మావతారం, కౌంటరు పక్కన ఉంటే కలిసొస్తుందని ఆయన దాన్ని నీళ్ల గంగాళంలో పెట్టి, వీపు మీద నామాలు వేయించాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లు. కొబ్బరిముక్క, చక్కెరపొంగలి, శనివారాలు పాలు, ఎవరికి ఏది తోస్తే అది గంగాళంలో వేసేవాళ్లు. నీళ్లు మార్చాలని మాత్రం ఎవరికీ తోచేది కాదు.

కొన్నాళ్లకు ఆ స్వామి కళ్లు తెరవడం మానేశాడు. వ్యాపారస్థలంలో తాబేలు ప్రాణం పోతే అరిష్టమని ఎవరో సిద్ధాంతి చెప్పడంతో లాడ్జీ ఆయనకు భయం పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే రిక్షాలో గంగాళంతో సహా మా గుమ్మంలో దిగాడు. "పెద్దమ్మగారూ, ఆచారం ఉన్న ఇల్లండీ మీది. మీ చేతుల్లో అయితే స్వామి చల్లగా ఉంటారండీ. నాకు తీరిక ఉండట్లేదు" అన్నాడు. ఆయనకు లేనిది తీరిక కాదని ఇంట్లో అందరికీ తెలుసు. మా నాయనమ్మకు మాత్రం సాక్షాత్తూ స్వామే ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టు అనిపించింది. కళ్లనీళ్లు పెట్టుకుని గంగాళానికి హారతి ఇచ్చి లోపలికి తీసుకుంది.

మా నాయనమ్మను తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆవిడ లాడ్జీ ఆయనలా కాదు. రోజూ నీళ్లు మార్చేది. ఆ నీళ్లు కూడా కొళాయివి కాకుండా కాలవ నుంచి బిందెతో తెప్పించినవి. గంగాళాన్ని దేవుడి గదిలో అన్నిటికన్నా చల్లటి మూల పెట్టింది. ఆవిడ పుట్టి పెరిగింది కంకిపాడు పక్క పల్లెలో. మా వైపు ఎటు చూసినా కాలవలే, తాబేలంటే కాలవ గట్టు మీంచి బుడుంగున నీళ్లలోకి దూకేదే. తాబేలుకు నీళ్లు వద్దు అనడం మా డెల్టాలో వరికి నీళ్లు వద్దన్నట్టుగా ఉంటుంది. నా మట్టుకు నేను బడి నుంచి రాగానే గంగాళం దగ్గర చతికిలబడి, అది ఎప్పుడు కళ్లు తెరుస్తుందా అని చూస్తూ కూర్చునేదాన్ని. అది తల ఎత్తి గంగాళం అంచుకేసి కాళ్లు గీరుతూ ఉండేది. ఆ గీరుడు రోజురోజుకీ తగ్గిపోతూ వచ్చింది.

ఒక ఆదివారం అత్తయ్య వచ్చి నా పక్కన కూర్చుంది. దాన్ని మెల్లగా నీళ్లలోంచి తీసి, తుడిచి, ఒళ్లో పెట్టుకుంది. "కాళ్లు చూడవే" అంది. చూశాను. కాలవ తాబేళ్ల కాళ్లకు వేళ్ల మధ్య చర్మం ఉంటుంది, ఈదడానికి. దీని కాళ్లు రుబ్బురోలు పొత్రంలా గట్టిగా, మొద్దుగా ఉన్నాయి. "ఈ కాళ్లతో ఇది ఎక్కడ ఈదుతుంది? నడవడానికి పుట్టిన కాళ్లు ఇవి. ఇది మెట్ట తాబేలు. ఎండలో, గడ్డిలో తిరగాల్సింది. ఇన్నాళ్లూ మునగకుండా ఉండడానికే దీని బతుకంతా సరిపోయింది" అంది. పెంకు వేలితో నొక్కితే అంచుల్లో మెత్తగా దిగింది. అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఇక ఇంట్లో గొడవ మొదలైంది. నీళ్లలోంచి తీసేయాలని, పెయింటు గీకేయాలని, డాబా మీద ఎండలో ఉంచాలని అత్తయ్య అంటే నాయనమ్మ మండిపడింది. "స్వామిని ఎండలో పడేస్తావుటే? నామాలు గీకేస్తావా? ఇంటికి వచ్చిన దేవుడి బొట్టు చెరిపిన పాపం ఎవరు మోస్తారే, నీ సైన్సు మోస్తుందా?" నాన్న తల్లి వైపు మాట్లాడలేక, చెల్లెలి వైపు మాట్లాడలేక పేపరు వెనక దాక్కున్నాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను అత్తయ్య మొహంలోకి చూశాను, గట్టిగా వాదిస్తుందని. ఆవిడ వాదించలేదు. తాబేలును తెచ్చి తల్లి చేతుల్లోనే పెట్టి వెళ్లిపోయింది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. అది చచ్చిపోతుందని తెలిసి కూడా ఎలా వదిలేస్తుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఒత్తులు చేస్తుంటే అత్తయ్య వెళ్లి ఆవిడకు సాయం కూర్చుంది. కాసేపు ఊరి కబుర్లు నడిచాక, ఏమీ ఎరగనట్టు అడిగింది. "అమ్మా, మొన్న చవితికి అన్ని పూజలు చేసిన వినాయకుణ్ణి తీసుకెళ్లి కాలవలో కలిపేశాం కదా. అది పాపం కాదూ?"

నాయనమ్మకు ఇలాంటి ప్రశ్నలంటే హుషారు. "ఎందుకవుతుందే! ఉద్వాసన చెప్పాం కదా. పిలిచిన దేవుడికి పూజయ్యాక, నీ చోటికి నువ్వు వెళ్లు స్వామీ, మళ్లీ క్షేమంగా రా అని చెప్పి, కాస్త ఈశాన్యానికి కదుపుతాం. ఆ తర్వాత అది ఉత్త మట్టి. పసుపు గౌరమ్మ అయినా అంతే" అంది.

"మరి ఈ స్వామికి లాడ్జీ ఆయన ఎప్పుడైనా ఉద్వాసన చెప్పాడంటావా?"

నాయనమ్మ చేతిలో ఒత్తి అలాగే ఉండిపోయింది. అత్తయ్య గొంతు తగ్గించి, "పిలిచారు, కూర్చోబెట్టారు, అన్నాళ్లు పూజలు చేశారు. వెళ్లమని మాత్రం ఎవరూ చెప్పలేదు. పాపం, స్వామి వెళ్లలేడు, ఇది ఉత్త తాబేలు కాలేదు. ఇద్దరూ ఆ గంగాళంలో ఇరుక్కుపోయారు కదమ్మా" అంది.

నాయనమ్మ మర్నాడు పొద్దున తలస్నానం చేసి, మడి కట్టుకుని, గంగాళం దగ్గర పీట వేయించింది. తాబేలును తనే నీళ్లలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, పీట మీద పెట్టింది. బెల్లంముక్క నైవేద్యం పెట్టి, అక్షింతలు వేసి, ఉద్వాసన చెప్పింది. ఆఖరున రెండు చేతులతో పీటను పట్టుకుని ఈశాన్యం వైపు బెత్తెడు జరిపింది. అప్పుడు అత్తయ్య కేసి తిరిగి, "ఇక తీసుకెళ్లు. ఇప్పుడది ఉత్త తాబేలు. దాన్ని బతికించు. బతకకపోతే నేను స్వామిని పంపించేసినందుకే పోయిందనుకుంటాను" అంది. ఆ మాటతో నాకు అర్థమైంది, ఇప్పుడు బతకాల్సింది తాబేలు ఒక్కటే కాదని. అది పోతే మా నాయనమ్మ తనను తాను క్షమించుకోలేదు.

డాబా మీద ఇటుకలతో చిన్న గూడు కట్టారు. కంకిపాడు నుంచి ఎండుగడ్డి తెప్పించి పరిచారు. సగం ఎండ, సగం నీడ ఉండేలా తడిక ఆనించారు. అత్తయ్య రోజూ పళ్లెంలో వేలి గణుపు లోతున గోరువెచ్చటి నీళ్లు పోసి కాసేపు దాన్ని అందులో ఉంచేది, దూదితో కళ్లు తుడిచేది. మిగతా వేళంతా దాన్ని ముట్టుకోవద్దని నాకు కట్టడి. అది నాకు చాలా కష్టంగా ఉండేది. ఎత్తుకోవాలి, పలకరించాలి, నోట్లో ఏదైనా పెట్టాలి అని చేతులు పీకేవి. "ఇన్నాళ్లూ అందరూ దాన్ని తాకారు. కాసేపు ఎవరూ తాకకుండా ఉండడం ఎలా ఉంటుందో దాన్ని తెలుసుకోనీ" అనేది అత్తయ్య. ఇద్దరం దూరంగా కూర్చుని, కింద ఆటోల మోత వింటూ, ఊరికే దాన్ని చూసేవాళ్లం.

పెయింటు ఊడదీయడం పెద్ద పని అయింది. కొబ్బరినూనె గుడ్డ కప్పి నానబెట్టి, వెదురుపుల్లతో కొంచెం కొంచెంగా లేపేది. ఒకరోజు ఎర్రగీత పక్కన పెద్ద పెళ్ల లేచివచ్చింది. దాని కింద నల్లటి పెంకు మీద పసుప్పచ్చటి గీతలు, మధ్యలోంచి చుట్టూ విచ్చుకుని, అచ్చంగా చుక్కల ముగ్గులా ఉన్నాయి. నేను కేకలు పెడుతూ కిందికి పరిగెత్తి నాయనమ్మను పిలిచాను. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ డాబా ఎక్కని మనిషి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. వంగి చాలాసేపు చూసింది. "ఆ స్వామి దీనికి బొట్టు ముందే పెట్టి పంపాడే. మనవాళ్లు దాని మీద సున్నం కొట్టారు" అంది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ అది తినేది కాదు. మునగాకు వేశాం, తోటకూర వేశాం, గంగవాయిలి కూర వేశాం. ఒక కన్ను తెరుచుకుంది, రెండోది సగం తెరుచుకుంది. ఆకుల పక్క నుంచి నడిచి వెళ్లిపోయేది. అత్తయ్య పైకి ధైర్యంగానే ఉండేది గానీ, బడికి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసేది. నాయనమ్మ మోకాళ్ల మాట మరిచిపోయి రోజూ పొద్దున డాబా ఎక్కడం మొదలుపెట్టింది. దేవుడి పూలు కోసుకుని, ఆ పూలసజ్జతోనే పైకి వచ్చి, దాన్ని ఒకసారి చూసి, నిట్టూర్చి దిగిపోయేది.

అలాంటి ఒక పొద్దున అది గూట్లోంచి బయటికి వచ్చి ఎండలో నిలబడి ఉంది. నాయనమ్మ దాని ముందు నిలబడి చేతిలోని సజ్జలోకి చూసుకుంది. పూజకు కోసిన పూలను ఆవిడ మమ్మల్ని వాసన కూడా చూడనిచ్చేది కాదు. అటూ ఇటూ చూసి, ఎర్ర మందారం ఒకటి తీసి, దాని ముందు పడేసింది. తాబేలు మెడ చాపింది. ఆగింది. మళ్లీ చాపి, రేక పట్టుకుని లాగింది. చిన్న నోటితో, మొహమంతా ఎర్రగా చేసుకుంటూ, పువ్వంతా తినేసింది.

నాయనమ్మ డాబా మీదే కూలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియకుండానే. తర్వాత ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, కిందికి దిగి, దేవుడి గదిలో కూర్చుని గట్టిగానే అంది: "ఇవాళ ఒక పువ్వు తక్కువ స్వామీ. ఎక్కడికి పోయిందో నీకు తెలుసు."

ఆ తాబేలు చాలాకాలం బతికింది. మేము కంకిపాడు వెళ్లిపోయాక పెరట్లో కందిచేను పక్కన సొంతదారుడిలా తిరిగేది. ఈ రోజుల్లో అలాంటి తాబేళ్లను ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు, అటవీశాఖ వాళ్లకు అప్పగించాలి. అది మంచిదే. అప్పట్లో మాకు ఆ సంగతి తెలియదు, తెలిసిందల్లా చేశాం.

మనం ఎవరినైనా పీట మీద కూర్చోబెట్టి దణ్ణం పెట్టడం మొదలుపెట్టామంటే, వాళ్ల కాళ్లు ఎలాంటివో చూడడం మానేస్తాం. నేను ఆ రోజు నుంచి మోసుకొస్తున్నది ఇదే. చూడడం మానేసినందుకు ఎవరినీ తిట్టనక్కర్లేదని, వాళ్ల చేతులతోనే ఆ పీట జరిపించవచ్చని కూడా అత్తయ్యే నేర్పింది.

ఇప్పుడు నేను ఇబ్రహీంపట్నంలో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఉంటాను. పిల్లలు బంగారం. ఆమధ్య జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి నన్ను ఏసీ గదిలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, చెంబెడు నీళ్లు కూడా ముంచుకోనివ్వడం లేదు. చుట్టాలు వస్తారు, కాళ్లకు దణ్ణం పెడతారు, యాపిల్ పళ్లు పెట్టి వెళ్తారు. ఒక మధ్యాహ్నం కాలేజీ లేక ఇంట్లో ఉన్న మనవరాలికి ఈ తాబేలు కథ చెప్పాను. కథ కోసమే చెప్పాను, ఇంకేం మనసులో పెట్టుకుని కాదు. వింటున్నంతసేపూ అది ఫోన్ కూడా తీయలేదు.

మర్నాడు పొద్దున గుప్పిట మూసుకుని నా గదిలోకి వచ్చింది. దేవుడి గూట్లోంచి తెచ్చిన అక్షింతలు నా తల మీద వేసింది. చిన్నవాళ్లు పెద్దవాళ్ల మీద అక్షింతలు వేయడం నేను ఎక్కడా చూడలేదు. "నీ చోటికి నువ్వు వెళ్లు నానమ్మా" అంటూ, నన్ను కూర్చోబెట్టే కుర్చీని బాల్కనీలో ఎండ పడే చోటికి లాగింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, బేసిన్ నిండా గోరుచిక్కుళ్లు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

బాగా ముదిరిన కాయలు అవి. ఒక్కటి కూడా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, అన్నీ నేనే ఈనెలు తీశాను.